అకాన్ గుర్తులు, సామెతలు: మీ దగ్గరున్న గుడ్డ, ఇత్తడి బొమ్మల గురించి

మీరు మూడు విషయాలు అడిగారు. గానాలో ఉద్యోగం చేసి వచ్చిన మీ మేనమామగారు ఇచ్చిన ముదురు గోధుమరంగు గుడ్డ మీద నిచ్చెన, ఫెర్న్ ఆకు, 'జే న్యామే' గుర్తులున్నాయి, వాటి అర్థాలేమిటి అన్నది ఒకటి. వెనక్కి చూసే పక్షి, చేపను నోట కరిచిన మొసలి, ఒక పురుగు, ఈ మూడు ఇత్తడి బొమ్మలు నిజంగా బంగారు రజను (పొడి) తూచే పాతకాలపు తూకపురాళ్లేనా అన్నది రెండోది. వచ్చే నెల గృహప్రవేశం రోజున ఆ గుడ్డను హాల్లో గోడకు తగిలించవచ్చా అన్నది మూడోది. టైమ్ తక్కువ ఉన్నది మూడోదానికే కాబట్టి దానికి ముందే జవాబు చెబుతాను: ఆ రోజు మాత్రం తగిలించకండి. ఎందుకన్నది గుడ్డ గురించి మాట్లాడేటప్పుడు చెబుతాను.

నేను గానాలో, అసాంతే రాజుల రాజధాని కుమాసిలో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. సెలవు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల చేతిపనుల ఊళ్లు తిరిగేవాణ్ణి. అక్కడివాళ్లు మాట్లాడే ట్వి భాష కూడా అక్కడే, ఆ పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పేదంతా ఎక్కువగా వాళ్ల దగ్గర విన్నదీ, తర్వాత చదివి సరిచూసుకున్నదీ.

మీరు ఇంటర్నెట్‌లో చూసిన పట్టికతోనే అసలు చిక్కు. 'ఈ గుర్తు అంటే ధైర్యం, ఆ గుర్తు అంటే జ్ఞానం' అని ఒక్కోదానికి ఒక్కో మాట రాసి ఉంటుంది. అందులో రాసినవన్నీ తప్పని నేను అనను. కానీ ఈ గుర్తులు ఎవరివో ఆ అకాన్ వాళ్లు బొమ్మను అలా వాడరు. బొమ్మను చూడగానే చూసినవాడికి ఒక సామెత గుర్తుకు రావాలి. ఆ సామెతను ఎవరు, ఎవరి ముందు, ఏ సందర్భంలో వాడారన్న దాన్నిబట్టి అర్థం తేలుతుంది. సామెత తెలియకుండా గుర్తును మాత్రమే పట్టుకుంటే మన చేతికి వచ్చేది సగమే.

అకాన్ అనేది ఒక్క తెగ పేరు కాదు. గానా దక్షిణ, మధ్య ప్రాంతాల్లోని అసాంతే, ఫాంతే, అచెమ్, బొనో వంటి ప్రజలు, పక్కనున్న ఐవరీ కోస్ట్‌లోని బావులే, అన్యి ప్రజలు అందరూ ఆ పేరు కిందికి వస్తారు. వాళ్ల అడవుల్లో బంగారం ఉంది. 1471లో పోర్చుగీసువాళ్లు ఆ తీరానికి చేరకముందే ఉత్తరాది వర్తకులతో బంగారం వ్యాపారం నడిచేది. కళకు డబ్బు, కొలువు, పోటీ అన్నీ ఆ బంగారం వల్లే వచ్చాయి. ఆ కళకు మాటనిచ్చింది మాత్రం సామెతలు.

మనం 'సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు' అంటాం. వాళ్ల దగ్గర ఇంకో అడుగు ముందుకు వేశారు. 'తెలివైనవాడికి సామెత చెబుతారు, విషయం విప్పి చెప్పరు' అన్నది వాళ్ల మాట. అంటే సామెత విని కూడా ఇంకా వివరణ అడిగితే, సభలో ఆ మనిషికి కొంచెం చిన్నతనమే. పెద్దల ముందు చిన్నవాళ్లు సామెత వాడాల్సి వస్తే, 'మీలాంటి పెద్దలే అంటుంటారు కదా' అని ముందుగా ఒక మాట అని, తర్వాత చెబుతారు. సామెత పెద్దల సొత్తు, చిన్నవాడు దాన్ని అడిగి వాడుకుంటున్నాడు అన్నమాట. బొమ్మలు కూడా ఈ మర్యాదలో భాగమే. నోటితో అంటే గొడవయ్యే మాటను బొమ్మ చేత అనిపించవచ్చు.

ఇది బాగా కనిపించేది రాజసభలో. అకాన్ రాజు సభలో నేరుగా మాట్లాడడు. ఆయన మాటను 'ఒచియామే' అనే పెద్దమనిషి సభకు వినిపిస్తాడు. వచ్చినవాళ్లు కూడా ఆయన ద్వారానే రాజుకు విన్నవించుకుంటారు. ఇంగ్లీషువాళ్లు ఈ పదవిని దుబాసీ పని లాంటిదనుకున్నారు గానీ, ఆయన భాషలు మార్చే మనిషి కాదు. న్యాయం తెలిసినవాడు, మాటకారి, రాయబారి. ఆయన చేతిలో ఒక పొడవాటి కర్ర ఉంటుంది. దాని కొసన చెక్కిన బొమ్మ, బొమ్మ మీద బంగారు రేకు. రాజుగారి దగ్గర ఇలాంటి కర్రలు చాలా ఉంటాయి, ఆ రోజు పనినిబట్టి ఏది బయటికి తేవాలో నిర్ణయిస్తారు. నోరు తెరవకముందే సభకు సగం విషయం తెలిసిపోతుంది.

కొన్ని చెబుతాను. చేతిలో గుడ్డు పట్టుకున్న బొమ్మ ఒకటి: 'అధికారం గుడ్డు లాంటిది, గట్టిగా నొక్కితే చితుకుతుంది, వదులుగా పట్టుకుంటే జారి పడుతుంది.' కొత్తగా గద్దె ఎక్కిన రాజు ముందు ఇది హెచ్చరిక. అదే రాజు తన ప్రజల ముందుకు ఆ కర్రతో వస్తే, మిమ్మల్ని జాగ్రత్తగానే పట్టుకున్నాను అని చెప్పుకున్నట్టు. ఇంకో కర్ర మీద బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉంటారు, తినేది మాత్రం ఒక్కడే: 'అన్నం దాని యజమానిది, ఆకలేసినవాడిది కాదు.' గద్దె కోసం ఇద్దరు పోటీపడే చోట ఈ కర్ర కనిపించిందంటే, ఇది హక్కున్నవాడిదే అని తేల్చి చెప్పడమే. మరో దాని మీద ఒకే మెడకు మూడు తలలు: 'ఒక్క తలతో ఆలోచన సాగదు.' రాజు ఒంటరిగా నిర్ణయాలు తీసుకోడు, పెద్దలను సంప్రదిస్తాడు అని దానర్థం. పట్టిక రాసేవాళ్లు దీని పక్కన 'ఐక్యత' అని రాస్తారు. ఆ మాటకూ, సభలో ఆ కర్ర చేసే పనికీ ఎంత దూరముందో చూడండి.

మీ మొసలి బొమ్మ విషయానికి వద్దాం. లోపలి అసాంతే ప్రాంతంలో దీనికి చెప్పే సామెత ఇది: బురదచేపకు ఏది దొరికినా చివరికి అది మొసలికే చేరుతుంది. సేవకుడు సంపాదించినదాని మీద యజమానికి ఉన్న హక్కు గురించిన మాట. ఇప్పుడు సముద్రతీరంలో ఫాంతేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ ప్రతి ఊళ్లో 'అసాఫో' అనే యోధుల దళాలుంటాయి. ఒక్కో దళానికీ గుడ్డముక్కలు కత్తిరించి కుట్టిన రంగురంగుల జెండాలు. ఆ జెండా మీద కూడా ఇదే మొసలి, ఇదే చేప. కానీ అక్కడ అది పక్క దళానికి విసిరే సవాలు: 'చేప కొవ్వెక్కేది మొసలి కోసమే', మీరెంత బలిసినా మా నోట పడటానికే అని. రెండు చోట్లా బొమ్మ ఒకటే. ఒక చోట హక్కు, ఇంకో చోట ఎగతాళి. ఈ జెండాల వల్ల నిజంగానే దళాల మధ్య కొట్లాటలు జరిగాయి, అందుకే వలస పాలనలో కొత్త జెండాల బొమ్మలకు అధికారుల అనుమతి అవసరమయ్యేది. పాత జెండాల మూలన బ్రిటిష్ జెండా చిన్నదిగా కుట్టి ఉంటుంది. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ మూలకు గానా జెండా వచ్చింది. ఎక్కడైనా అసాఫో జెండా చూస్తే ముందు ఆ మూల చూడండి, కాలం అంచనా వేయడానికి పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ముళ్లపంది. అసాంతే వాళ్లకు అదే చిహ్నం, 'కొటొకొ' అంటారు. దాని వెనకున్న మాట 'కుమ్ అపెమ్ అ, అపెమ్ బేబా', అంటే వెయ్యిమందిని చంపితే ఇంకో వెయ్యిమంది వస్తారు. ముల్లు ఊడితే మళ్లీ మొలుస్తుంది కదా, ఆ లెక్క. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని దోచుకుని తగలబెట్టింది. 1896లో రాజు ప్రెంపెను పట్టుకుని ప్రవాసానికి పంపింది. 1900లో గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి బంగారు పీఠాన్ని తనకు అప్పగించమన్నాడు. అసాంతే వాళ్లకు అది కూర్చునే కుర్చీ కాదు, జాతి ప్రాణం అందులో ఉందని నమ్మకం. రాజు కూడా దాని మీద కూర్చోడు. ఎజిసు రాజమాత యా అసాంతెవా నాయకత్వంలో జనం తిరగబడ్డారు. యుద్ధంలో ఓడారు గానీ పీఠం మాత్రం బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కలేదు. ఈ చరిత్ర తెలిశాక ముళ్లపంది బొమ్మ కింద 'ధైర్యం' అని ఒక్క మాట రాసి ఊరుకోవడం నాకు చేతకాదు. ఇప్పుడు కుమాసి ఫుట్‌బాల్ జట్టు పేరు కూడా అసాంతే కొటొకొనే, మైదానంలో అభిమానుల నోట ఆ సామెత వినబడుతూనే ఉంటుంది.

ఇక గుడ్డ. మీది అదింక్రా గుడ్డ. కుమాసికి దగ్గరలోని న్తొన్సో అనే ఊరు దీనికి పేరుపడింది. 'బాడియే' అనే చెట్టు బెరడును నానబెట్టి, రోట్లో దంచి, గంటలకొద్దీ కాచి నల్లటి చిక్కని ద్రావకం తీస్తారు. అందులో ఇనుప చిట్టెం వేసే పద్ధతి కూడా ఉంది. ఎండిన సొరబుర్ర ముక్క మీద గుర్తు చెక్కి, వెనక పుల్లలతో పిడి కట్టి, ఆ ద్రావకంలో ముంచి పరిచిన గుడ్డ మీద అద్దుతూ పోతారు. మధ్యలో గళ్ల గీతలు చెక్క దువ్వెనతో గీస్తారు. ఇప్పుడు చాలావరకు స్క్రీన్ ప్రింటింగ్ వచ్చేసింది. మీ గుడ్డ మీద గుర్తుల అంచులు ఒకదానికొకటి కొంచెం తేడాగా, రంగు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉంటే అది చేతి అచ్చు కావచ్చు.

గుర్తుల కంటే ముందు రంగు చూడాలి. ముదురు గోధుమ రంగును 'కుంతుంకుని' అంటారు. అది చావు రోజున, కర్మల రోజున కట్టుకునే గుడ్డ. ఎరుపు, నలుపు కూడా ఆ సందర్భానివే. తెల్లగా, లేత రంగులో ఉండి పండగలకు కట్టుకునే రకం వేరే ఉంది, దాన్ని ఆదివారపు అదింక్రా అంటారు. ఇక మీ గుడ్డ మీది నిచ్చెన 'ఒవువొ అచ్వెదే', మృత్యువు నిచ్చెన. దాని సామెత: మృత్యువు నిచ్చెనను ఎక్కేది ఒక్కడే కాదు. అంటే అందరూ ఎక్కాల్సిందే అని. పోయినవాళ్ల ఇంట్లో కూర్చున్నవాళ్లకు అది గొప్ప ఓదార్పు. అందుకే మీ కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజున అది గోడ మీద వద్దన్నాను. ఆ రోజు మీ ఇంటికి గానా స్నేహితులెవరైనా వస్తే, ఈ ఇంట్లో ఎవరు పోయారా అని కంగారుపడతారు. తర్వాత ఎప్పుడైనా, అదేమిటో చెప్పగలిగినప్పుడు, నిస్సంకోచంగా పెట్టుకోండి. అది అపశకునం గుడ్డ కాదు, చాలా గౌరవమైన గుడ్డ.

ఫెర్న్ ఆకు పేరు 'అయా'. నీకు నేను భయపడను అన్న మాట దానితో ముడిపడి ఉంది. గానా విశ్వవిద్యాలయం చిహ్నంలో పైన మూడు అయాలు నిలబెట్టి ఉంటాయి, వాటి కింద మధ్యలో పొట్టేలు కొమ్ముల గుర్తు. 'జే న్యామే' అంటే 'దేవుడు తప్ప' అని. ఈ సృష్టి మొదలైనప్పుడు చూసినవాడు బతికి లేడు, దాని ముగింపు చూసేదాకా ఎవడూ ఉండడు, దేవుడు తప్ప, అన్న పెద్ద మాటకు అది చివరి తునక. గానాలో టాక్సీల మీద, ప్లాస్టిక్ కుర్చీల మీద, చర్చి గోడల మీద, అన్నిచోట్లా ఇదే కనిపిస్తుంది. నిచ్చెన పక్కన ఈ గుర్తు ఉండటం కూడా సరిగ్గా కుదిరింది: అందరూ వెళ్లాల్సినవాళ్లే, ఆయన తప్ప.

అదింక్రా పుట్టుక గురించి మీకు ఒక కథ ఎదురవుతుంది. పక్క రాజ్యమైన గ్యామన్‌కు రాజు, అదింక్రా అనే ఆయన, బంగారు పీఠానికి నకలు చేయించుకున్నాడని, అసాంతే రాజు ఒసెయ్ బొన్సు 1818లో అతన్ని ఓడించి చంపాడని, అతని ఒంటి మీది గుడ్డ నుంచే ఈ కళ అసాంతేకు వచ్చిందని. యుద్ధం జరిగిన మాట నిజమే. కానీ ఇంగ్లీషు రాయబార బృందంలో వచ్చిన థామస్ ఎడ్వర్డ్ బౌడిచ్ 1817లోనే కుమాసిలో ఒక అదింక్రా గుడ్డ సంపాదించాడు. అది ఈరోజుకీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కాబట్టి కథను కథగానే చెప్పుకోవాలి. ఇంకో మాట, మనవైపు వాళ్లకు ఆసక్తిగా ఉంటుంది: 17, 18 శతాబ్దాల్లో డచ్ కంపెనీ మన కోరమాండల్ తీరంలో కొన్న నూలు గుడ్డలు 'గినీ గుడ్డ' అన్న పేరుతో ఈ పశ్చిమాఫ్రికా తీరానికే వెళ్లి అమ్ముడయ్యేవి.

మాట తెలియకుండా గుర్తును చదివితే ఏమవుతుందో చెప్పడానికి న్యూయార్క్ ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 1991లో మాన్‌హట్టన్‌లో ఒక ఆఫీసు భవనం కోసం తవ్వుతుంటే 17, 18 శతాబ్దాల నాటి ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. ఒక శవపేటిక మూత మీద ఇనుప మేకులతో హృదయాకారం కొట్టి ఉంది. దాన్ని సంకోఫా అన్నారు, ఆ స్థలానికి అదే చిహ్నమైంది. మీ దగ్గరున్న వెనక్కి చూసే పక్షి కూడా సంకోఫానే, అదింక్రాలో దానికి హృదయాకారపు రూపం కూడా ఉంది. తర్వాత ఒక చరిత్రకారుడు అభ్యంతరం చెప్పాడు: ఆ రోజుల్లో ఇంగ్లీషు శవపేటికల మీద కూడా హృదయం గుర్తు మామూలే, అప్పటికి సంకోఫా ఆ రూపంలో ఉందనడానికి ఆధారం లేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ పేటికలో ఉన్న మనిషి అకాన్ అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. మేకులు కొట్టిన చేతి వెనకున్న మాట మనకు అందనంతవరకు ఖాయంగా అనకూడదు. అయినా, తమ తాతముత్తాతల పేర్లే దక్కని జనం ఆ గుర్తును ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నారో నాకు అర్థమవుతుంది. సంకోఫా సామెతే అది కదా: 'మరచిపోయినదాన్ని వెనక్కి వెళ్లి తెచ్చుకుంటే తప్పు లేదు.'

ఇక మీ ఇత్తడి బొమ్మలు. అకాన్ దేశంలో బంగారు రజనే డబ్బు. కూరగాయలు కొన్నా, పెళ్లికి ఇచ్చినా, జరిమానా కట్టినా రజను తూచి ఇవ్వాల్సిందే. వ్యాపారం చేసే ప్రతి మనిషి దగ్గరా చిన్న తక్కెడ, చెంచాలు, రజను పెట్టుకునే డబ్బాలు, ఒక మూట ఇత్తడి తూకపురాళ్లు ఉండేవి. కొన్ని శతాబ్దాలు అలా నడిచింది. 1889లో బ్రిటిష్ పాలన రజనును డబ్బుగా చెల్లనివ్వకుండా చేసింది, దాంతో రాళ్లకు పని పోయింది.

చేసే పద్ధతి మైనపు అచ్చుపోత, మన ఆదిలాబాద్ ఓజాల పని చూసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. కుమాసి దగ్గర క్రొఫొఫ్రొమ్‌లో ఇప్పటికీ చూడవచ్చు. తేనెమైనంతో బొమ్మ చేస్తారు, సన్నని మైనపు తీగలతో వివరాలు అతుకుతారు. మెత్తటి బొగ్గుపొడి కలిపిన మట్టి పూత, దాని మీద పీచు కలిపిన మందపాటి మట్టి. కాల్చి మైనం కరిగించి పారబోస్తారు. అకాన్ వాళ్ల ప్రత్యేకత ఏమిటంటే, ఇత్తడి ముక్కలున్న మూసను అచ్చుకే అతికి మట్టితో మూసేస్తారు. రెండూ కలిపి కొలిమిలో పెట్టి, లోపల ఇత్తడి కరిగాక ఒక్కసారిగా తలకిందులు చేస్తారు. లోహం అచ్చులోకి దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాలి కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు.

మీ పురుగు బొమ్మ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానికి మైనంతో పని లేదు. నిజమైన పురుగునే, లేదా వేరుశెనగ కాయనే మట్టిలో పెట్టి కాలిస్తే అది బూడిదై ఆ ఖాళీలో ఇత్తడి నిండుతుంది. కాబట్టి దాని వెనక సామెత కోసం వెతక్కండి. బొమ్మలున్న రాళ్లలో కూడా అన్నిటికీ సామెత లేదు, ఇక గీతలు, మెట్లు, చుట్టలు మాత్రమే ఉన్న పాత రాళ్లు మూటల్లో చాలా ఉంటాయి. 'ఈ బొమ్మ అంటే ఇంత బరువు' అని కొందరు రాస్తారు, అదీ నిజం కాదు. ఒకే బొమ్మ రకరకాల బరువుల్లో దొరుకుతుంది.

పాతవా కొత్తవా అన్నది ఫోటో చూసి తేల్చడం కష్టం. రాళ్లకు పని పోయాక పర్యాటకుల కోసం అవే బొమ్మలు పోయడం మొదలైంది, ఈరోజు బజారులో దొరికేవాటిలో అత్యధికం అవే. నిజంగా వాడిన రాయి చిన్నగా ఉంటుంది, ఎక్కువభాగం రెండు వేళ్ల మధ్య ఇమిడేవే. వేళ్లు తగిలే చోట్ల, అంటే పక్షి ముక్కు, మొసలి వీపు లాంటి చోట్ల, గీతలు అరిగి నున్నగా ఉంటాయి, సందుల్లో మాత్రం పదునుగా మిగులుతాయి. బరువు సరిచేయడానికి అడుగున సీసం నింపో, చిన్న రింగు తగిలించో, కొంచెం అరగదీసో ఉంటే అది మంచి ఆధారం. అంతటా ఒకే తీరుగా నల్లబడి, సందుల్లో ఎర్రమట్టి మాత్రమే ఉంటే అనుమానించాలి, కావాలని పాతబడినట్టు చేస్తారు. దయచేసి చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి. పాతవైతే ఉన్న ఆధారం అంతా పోతుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. తెలిసిన కంసాలి దగ్గర మూడింటినీ విడివిడిగా గ్రాముల్లో, దశాంశంతో సహా తూయించండి. అడుగు భాగం, పక్షి మెడ వెనక భాగం పగటి వెలుతురులో ఫోటో తీయండి. మీ మేనమామగారు వాటిని ఏ ఊళ్లో, ఎవరి దగ్గర కొన్నారో, అమ్మినాయన పక్షిని చూపించి ఏమన్నాడో గుర్తున్నంతవరకు ఆయన మాటల్లోనే రాసుకోండి. అవన్నీ ఇక్కడ పెడితే నాకు తెలిసినంత చెబుతాను.